వీధి మలుపు కేఫ్‌లో మధ్యాహ్న భోజనం: ఫిలడెల్ఫియాకి కొత్తగా వచ్చినవాళ్లకి

ఫిలడెల్ఫియాకి చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు మధ్యాహ్నం పూట ఎక్కువగా ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బానే తెరుస్తారు. డబ్బా లేని రోజున ఏదో పెద్ద చైన్ రెస్టారెంట్‌కి వెళ్లి, అలవాటైన బౌల్ ఒకటి తిని వచ్చేస్తారు. వీధి మలుపులో ఉన్న చిన్న కేఫ్ ముందునుంచి రోజూ నడిచి వెళ్తారు కానీ లోపలికి అడుగుపెట్టరు. ఎందుకని అడిగితే "అక్కడ మనం తినేవి ఏముంటాయి అక్కా?" అంటారు. లేదా "ఆ మెనూ చూస్తేనే టెన్షన్" అంటారు.

మాది తెనాలి. ఆఫీసు యూనివర్సిటీ సిటీలో, ఇల్లు వెస్ట్ ఫిలడెల్ఫియాలో బాల్టిమోర్ అవెన్యూ దగ్గర. గుడ్డు తింటాను, మాంసం, చేపలు ముట్టను. ఈ ఊళ్లో బయట తినే తిండిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇలాంటి చిన్న కేఫుల్లో దొరికే శాండ్‌విచ్, సలాడే. చైన్‌లో ఏడాది పొడుగునా ఒకటే రుచి. ఇక్కడైతే వండే మనిషి ఆ వారం మార్కెట్‌లో ఏది బాగుందో చూసి దాన్నిబట్టి మెనూ మారుస్తారు. పదో పన్నెండో బల్లలు, గోడమీద సుద్దముక్కతో రాసిన నాలుగు కొత్త వంటకాలు, కౌంటర్ వెనకే కనబడే వంటిల్లు. అడిగితే ఓపిగ్గా చెప్తారు కూడా.

ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. శాండ్‌విచ్‌ని పేరు చూసి ఎంచుకోకండి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల వరస చూసి ఎంచుకోండి. ఆ వరసలో మీకు తెలియనిది ఏమున్నా డబ్బు కట్టకముందే అడగండి.

వేళ

ఇలాంటి కేఫులు చాలావరకు పొద్దున్న టిఫిన్‌కీ, మధ్యాహ్న భోజనానికీ మాత్రమే తెరిచి ఉంటాయి. మూడింటికో నాలుగింటికో మూసేస్తారు. వంటిల్లు అంతకు అరగంట ముందే ఆగిపోతుంది. కొన్ని సోమవారం, కొన్ని మంగళవారం సెలవు. బయల్దేరేముందు ఫోన్‌లో వేళలు చూసుకోండి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆఫీసువాళ్ల రద్దీ. మొదటిసారి వెళ్తుంటే పదకొండున్నరకు వెళ్లండి. ఆ వేళకి అన్నీ ఉంటాయి, కౌంటర్ దగ్గర మనిషికి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. ఒకటిన్నర దాటాక కూడా తీరిగ్గానే ఉంటుంది కానీ, ఆ రోజు స్పెషల్ అయిపోయి ఉండొచ్చు. శని, ఆదివారాల్లో బ్రంచ్ జనం బయటిదాకా నిలబడతారు. కొత్తగా వెళ్లేవాళ్లు ఆ రెండు రోజులూ వదిలేయడమే మంచిది.

మెనూ చదవడం

ముద్దపప్పులోకి ఆవకాయ ఎందుకు, పక్కన అప్పడం ఎందుకు అన్నది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మెత్తనిదానికి పులుపు, కారం తోడు కావాలి, నోటికి కరకరలాడేది ఒకటి ఉండాలి. మంచి శాండ్‌విచ్‌ని కట్టే పద్ధతి కూడా ఇదే. కాబట్టి ఒక్కో శాండ్‌విచ్ కింద రాసినవాటిని చూస్తూ లెక్కేసుకోండి: రొట్టె ఏది, పూత ఏది, ప్రధానమైన పదార్థం ఏది, పుల్లగా ఏముంది, కరకరలాడేది ఏముంది. ఈ అయిదూ కనబడితే అది ఆలోచించి చేసినదని అర్థం. పులుపు లేకుండా చీజ్ మీద చీజ్, మయో మీద మయో ఉన్నది సగం తినేసరికే వెగటు పుడుతుంది. అలాంటిది ఎంత అందమైన పేరున్నా నేను తీసుకోను.

రొట్టె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, శాండ్‌విచ్ బాగుందా లేదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. సవర్‌డో అంటే పిండి, నీళ్లు, ఉప్పు కలిపి, సహజంగా పులియబెట్టి కాల్చినది. పైన పెచ్చు గట్టిగా, లోపల కొంచెం పుల్లగా ఉంటుంది. తడి ఎక్కువున్న పదార్థాల్ని బాగా మోస్తుంది. ఫోకాచా ఆలివ్ నూనెతో తడిసి, మందంగా మెత్తగా ఉంటుంది. వేయించిన కూరగాయలకి దాన్ని మించినది లేదు. చియాబాటా ఇటలీ పాతకాలపు రొట్టె అనుకుంటారు చాలామంది, కానీ అది 1982లో ఆడ్రియా దగ్గర అర్నాల్దో కవల్లారి అనే ఆయన తయారుచేసినది. ఫ్రెంచి బగెట్‌కి పోటీగా చేశారు. లోపల పెద్ద పెద్ద గుల్లలుంటాయి కాబట్టి పల్చటి సాస్ వేస్తే కిందికి కారిపోతుంది. బ్రియోష్, హల్లా తియ్యగా, మెత్తగా ఉంటాయి, రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది. గుడ్డు తిననివాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి, ఎందుకంటే లోపలున్నది చూస్తారు కానీ రొట్టె గురించి ఎవరూ అడగరు. రై అనే ధాన్యం పిండితో చేసే రొట్టె ఘాటుగా ఉంటుంది.

ఫిలడెల్ఫియాకి ప్రత్యేకమైనది నువ్వులద్దిన పొడుగు రోల్. ఇక్కడి హోగీలు, అంటే పొడుగు రోల్‌ని చీల్చి మాంసం, చీజ్, కూరగాయలు నింపే శాండ్‌విచ్‌లు, దానిమీదే కడతారు. హోగీని 1992లో మేయర్ ఎడ్ రెండెల్ నగర అధికారిక శాండ్‌విచ్‌గా ప్రకటించారు. ఈ ఊరివాళ్లు రోల్ విషయంలో చాలా పట్టుదలగా ఉంటారు: పైన కరకరలాడాలి, లోపల నమలడానికి పని ఉండాలి, పొద్దున కాల్చినది సాయంత్రానికి పనికిరాదు. మీరు వెళ్లిన కేఫ్‌లో "రోల్ ఎక్కడినుంచి తెప్పిస్తారు?" అని అడిగి చూడండి. సౌత్ ఫిలడెల్ఫియాలో ఫలానా బేకరీ అని గర్వంగా చెప్పారంటే, ఆ రోజు పొడుగు రోల్ మీద ఉన్నది తీసుకోండి.

ఇక పులుపు, కారం. ఎర్ర ఉల్లిపాయల్ని వెనిగర్‌లో ఊరబెట్టినవి దాదాపు ప్రతిచోటా ఉంటాయి. వియత్నాం వాళ్ల శాండ్‌విచ్ అయిన బాన్ మీ పద్ధతిలో తెల్ల ముల్లంగి, క్యారెట్ సన్నగా తరిగి ఊరబెట్టి, కొత్తిమీర, పచ్చిమిర్చి వేస్తారు. సౌత్ ఫిలడెల్ఫియాలో వాషింగ్టన్ అవెన్యూ పొడుగునా వియత్నాం దుకాణాలున్నాయి, ఆ రుచి ఇప్పుడు ఊళ్లో అన్ని పేటల కేఫుల్లోకీ వచ్చేసింది. టోఫు, అంటే సోయాపాల పనీర్‌తో చేసిన బాన్ మీ మనవాళ్లకి మొదటిరోజే నచ్చే శాండ్‌విచ్.

గుంటూరు ప్రాంతం వాళ్లు మాత్రం మెనూలో "లాంగ్ హాట్స్" అన్న మాట కోసం వెతకండి. ఇవి ఇటాలియన్ రకం పొడుగు పచ్చిమిరపకాయలు. ఆలివ్ నూనెలో వెల్లుల్లితో మెత్తబడేదాకా వేయించి, కాయ కాయగానే శాండ్‌విచ్‌లో పెడతారు. ఇక్కడి ఇటాలియన్ కుటుంబాల వంట ఇది, వేరే రాష్ట్రాల్లో అంతగా కనబడదు. ఒక కాయ చప్పగా ఉంటుంది, దాని పక్కదే కళ్లవెంట నీళ్లు తెప్పిస్తుంది. ముందు చివర కొరికి చూసి తర్వాత లోపల పెట్టుకోండి. మెనూలో శాండ్‌విచ్‌తో లేకపోయినా "లాంగ్ హాట్స్ విడిగా వేస్తారా?" అని అడగొచ్చు. ఒకటి రెండు డాలర్లు ఎక్కువ పడుతుంది, ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది.

ఈ ఊరి మరో సంప్రదాయం రోస్ట్ పోర్క్ శాండ్‌విచ్. పంది మాంసం, దానిమీద బ్రాకొలీ రాబ్ అనే చేదు ఆకుకూర, ఘాటైన షార్ప్ ప్రోవలోన్ చీజ్. తినేవాళ్లకి రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌లో దొరికేది గొప్పదని పేరు. 1893 నుంచి నడుస్తున్న మార్కెట్ అది, చూడ్డానికైనా ఒకసారి వెళ్లాలి. కొత్తరకం కేఫులు ఇదే కూర్పులో మాంసం తీసేసి పుట్టగొడుగులో, గోధుమ గ్లూటెన్‌తో చేసే సైటానో పెడతాయి. నేను పుట్టగొడుగులదే తీసుకుంటాను. దానికి కారణం ఉంది. ఫిలడెల్ఫియాకి నైరుతి వైపు, కారులో గంటలోపు దూరంలో కెన్నెట్ స్క్వేర్ ఉంది. అమెరికాలో పండే పుట్టగొడుగుల్లో సగానికి పైగా పెన్సిల్వేనియావే, వాటిలో ఎక్కువభాగం ఆ చుట్టుపక్కలే పండుతాయి. అందుకని ఇక్కడి కేఫుల్లో ఆయిస్టర్, మైటాకీ లాంటి రకాలు తాజాగా ఉంటాయి. చేదు ఆకుకూర, వేయించిన పుట్టగొడుగు, పైన లాంగ్ హాట్స్ పడ్డాక మాంసం లేదన్న సంగతే గుర్తురాదు.

కాలం కూడా చూడండి. టమాటా శాండ్‌విచ్ జులై నుంచి సెప్టెంబరు దాకానే తినాలి. నది అవతల న్యూజెర్సీ టమాటాలు అప్పుడే వస్తాయి. కాల్చిన రొట్టె, మయో, మందంగా కోసిన టమాటా, ఉప్పు, మిరియాలు, అంతే. జనవరిలో అదే శాండ్‌విచ్ అడిగితే చప్పటి గులాబీరంగు ముక్కలు వస్తాయి. ఏప్రిల్ చివరినుంచి జూన్ దాకా ఆస్పరాగస్, చలికాలంలో బీట్‌రూట్, గుమ్మడి జాతివి, క్యాబేజీ. శనివారాల్లో క్లార్క్ పార్క్ దగ్గర రైతుబజారు జరుగుతుంది. అక్కడ ఏం రాశులు పోసి ఉందో చూస్తే, ఆ వారం కేఫ్‌లో ఏది అడగాలో తెలిసిపోతుంది.

మాంసం, చేపలు తిననివాళ్లు అడగాల్సినవి

పేరులో మాంసం లేనంత మాత్రాన లోపల లేదని కాదు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎక్కడ ఉంటుందో తెలిస్తే నిశ్చింతగా తినొచ్చు కాబట్టి చెప్తున్నాను.

మొదటిది సీజర్ డ్రెస్సింగ్. దాంట్లో యాంచోవీ అనే చిన్న చేప ఉంటుంది. ఆకులూ చీజూ కనబడతాయి కానీ చేప నలిగిపోయి డ్రెస్సింగ్‌లో కలిసిపోతుంది. రెండోది వూస్టర్‌షైర్ సాస్, దాంట్లోనూ సాధారణంగా యాంచోవీయే. మూడోది సూప్. టమాటా సూప్, పప్పు సూప్ కూడా చికెన్ ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. "దీంట్లో చికెన్ స్టాక్ ఉందా, వెజిటబుల్ స్టాకా?" అని అడగండి, "వెజిటేరియనేనా?" అని మాత్రం అడిగి ఊరుకోకండి. పదార్థం పేరు పెట్టి అడిగితే వాళ్లు లోపలికి వెళ్లి కనుక్కుని వస్తారు. నాలుగోది కిమ్చి. అది క్యాబేజీ ఊరగాయే అయినా చేప సాస్‌తోనో, రొయ్యలతోనో చేయడం మామూలు. వియత్నాం, థాయ్ పద్ధతి డ్రెస్సింగుల్లో కూడా చేప సాస్ ఉంటుంది. టోఫు బాన్ మీ తీసుకునేటప్పుడు ఇది తప్పకుండా అడగాలి.

మయోలో, వెల్లుల్లి వేసిన మయోలాంటి అయోలీలో గుడ్డు ఉంటుంది. గుడ్డు, పాలు ఏవీ లేని వీగన్ మయో ఇప్పుడు చాలాచోట్ల ఉంది, అడగండి. హమ్మస్ (శనగల ముద్ద), తహీనీ (నువ్వుల ముద్ద), అవకాడో పూతలు మామూలుగా గుడ్డు లేనివే.

చీజ్ విషయం పట్టింపు ఉన్నవాళ్లకి. అసలైన పార్మిజానో రెజ్జానో (పార్మిజాన్) చీజ్‌ని దూడ కడుపులోంచి తీసే, పాలు విరిచే రెనెట్‌తోనే చేస్తారు, అది వాళ్ల నియమం. షార్ప్ ప్రోవలోన్ కూడా చాలాసార్లు జంతు రెనెట్‌దే. పెస్టో అనే తులసిజాతి ఆకుల పచ్చడిలో పార్మిజాన్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. మా అత్తయ్య వచ్చినప్పుడు చీజ్ లేనిదే చూస్తాను. హమ్మస్, వేయించిన వంకాయ, ఊరబెట్టిన ఉల్లిపాయ, ఫోకాచా. ఆవిడకి అదే ఇష్టం కూడా.

పెనం సంగతి. శాండ్‌విచ్‌లు వేడిచేసే పెనం మీదే బేకన్ అనే పంది మాంసం కూడా వేస్తారు. అది ఇబ్బంది అనుకునేవాళ్లు "వేరే పాన్‌లో చేయగలరా, గ్లవ్స్ మార్చుకుంటారా?" అని మర్యాదగా అడగొచ్చు. రద్దీ లేని వేళకి వెళ్లమన్నది ఇందుకు కూడా. పన్నెండున్నరకి వెనక పదిమంది నిలబడి ఉండగా అడిగితే వాళ్లకీ కష్టం, మీకూ కష్టం. అప్పుడు పెనం ఎక్కని చల్లటి శాండ్‌విచ్ తీసుకోండి.

అలర్జీ ఉంటే అది పట్టింపుల కిందికి రాదు, ఆర్డర్ చెప్పేముందే మొదటి మాటగా "నాకు ఫలానా అలర్జీ" అనండి. నువ్వుల్ని 2023 జనవరి 1 నుంచి అమెరికాలో తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థంగా ప్యాకెట్ల మీద రాయాలి. కానీ ఆ చట్టం ప్యాక్‌చేసి అమ్మేవాటికే, కేఫ్‌లో అప్పటికప్పుడు కట్టిచ్చే శాండ్‌విచ్‌కి లేబుల్ ఉండదు. తహీనీలో నువ్వులు, పెస్టోలో పైన్ గింజలు లేదా జీడిపప్పు, రోల్ మీద నువ్వులు. మీరు అడిగితేనే తెలుస్తుంది.

సలాడ్

సలాడ్ అంటే దోసకాయ, ఉల్లిపాయ చక్రాలు అనుకుని చాలామంది దాటేస్తారు. ఈ కేఫుల్లో సలాడ్ పూర్తి భోజనం. శాండ్‌విచ్ కంటే ఎక్కువ ఆలోచన కూడా దాంట్లోనే కనబడుతుంది. చూడాల్సింది ముఖ్యంగా మూడు: ఆకు, కడుపు నింపేది, డ్రెస్సింగ్.

రోమెయిన్, లిటిల్ జెమ్ కరకరలాడే చప్పటి ఆకులు, కొత్తవాళ్లకి సులువు. అరుగులా కొంచెం ఆవఘాటు కొడుతుంది. కేల్ గట్టిది. దాన్ని ఉప్పు, నూనె, నిమ్మరసం వేసి చేత్తో పిసికి మెత్తబరచాలి. మంచి కేఫ్‌లో అలా చేసే ఇస్తారు. మీకు వచ్చినది పచ్చిగా గరుగ్గా ఉంటే ఆ వంటింట్లో తొందరపడ్డారని అర్థం. రాడికియో ఊదారంగులో అందంగా ఉంటుంది, చేదు. చేదు ఇష్టం లేనివాళ్లు అడిగి తగ్గించుకోండి.

ఆకులొక్కటే తింటే మూడింటికల్లా ఆకలేస్తుంది. ఫారో అనే గోధుమజాతి గింజలో, కీన్వానో, శనగలో, ఉడికించిన గుడ్డో, వేయించిన హలూమీ చీజో ఉండాలి. నాకు బాగా నచ్చే కూర్పు ఒకటి చెప్తాను: ఫారో, కాల్చిన బీట్‌రూట్, నారింజ తొనలు, మేకపాల చీజ్, పిస్తా, షెర్రీ వెనిగర్ డ్రెస్సింగ్. తీపి, పులుపు, ఉప్పదనం, కరకర అన్నీ ఒక్క ముద్దలో వస్తాయి. చలికాలంలో ఇలాంటిది ఏదో ఒక రూపంలో చాలా మెనూల్లో కనబడుతుంది.

డ్రెస్సింగ్ విడిగా ఇమ్మని అడగడం చాలామందికి అలవాటు. ప్యాక్ చేయించుకుంటుంటే అది సరైన పనే, లేకపోతే ఆకు వడిలిపోతుంది. అక్కడే కూర్చుని తినేటట్టయితే మాత్రం వాళ్లనే కలిపి ఇమ్మనండి. పెద్ద గిన్నెలో వేసి కలిపితే ప్రతి ఆకుకీ పల్చగా పడుతుంది. మనం బల్లమీద పోసుకుంటే పైన మడుగు, కింద ఎండు ఆకులు మిగులుతాయి. ఎక్కువ వేస్తారేమోనని సందేహమైతే "కొంచెం తక్కువగా కలపండి" అంటే చాలు. ముక్కలు పెద్దగా ఉంటాయనుకుంటే తరిగి ఇమ్మని కూడా అడగొచ్చు.

సీజర్ సలాడ్ పుట్టింది ఇటలీలో కాదు. మెక్సికోలోని తిహ్వానాలో సీజర్ కార్డీని అనే ఇటాలియన్ 1924లో దాన్ని మొదలుపెట్టారని చెప్తారు. ఈమధ్య కేఫుల్లో యాంచోవీ బదులు కేపర్స్, మీసో అనే పులియబెట్టిన సోయా ముద్ద వేసి వీగన్ సీజర్ చేస్తున్నారు. కేపర్స్ అంటే ఉప్పులో ఊరవేసిన చిన్న మొగ్గలు. ఆ ఉప్పుపులుపు మన నోటికి బాగా పడుతుంది. మెనూలో కనబడితే వదలకండి.

కౌంటర్ దగ్గర

చాలాచోట్ల కౌంటర్‌లో ఆర్డర్ చెప్పి, అక్కడే డబ్బు కట్టి, నంబరున్న చిన్న స్టాండ్ తీసుకుని బల్ల దగ్గర కూర్చోవాలి. కొన్నిచోట్ల పేరు అడిగి పిలుస్తారు. పేరు పొడుగ్గా ఉంటే రెండక్షరాలది చెప్పండి, పిలిచినప్పుడు మీరు గుర్తుపట్టగలిగితే చాలు. మెనూ పూర్తిగా చదివాకే వరసలోకి వెళ్లండి. పక్కన కాగితం మెనూ ఉంటుంది, తీసుకుని తీరిగ్గా చూసుకోవచ్చు.

మార్పులు ఒకటో రెండో అడగడం మామూలే. ఒక వస్తువు తీసేయమనడం, రొట్టె మార్చమనడం, కారం ఎక్కువ వేయమనడం ఎవరూ తప్పుగా అనుకోరు. నాలుగైదు మార్పులు కావాలంటే ఆ శాండ్‌విచ్ మీకు సరిపడేది కాదు, ఇంకోటి చూసుకోండి. ఏదీ తేలకపోతే "మాంసం, చేపలు లేకుండా, కారంగా, మీకు నచ్చినది ఏది?" అని కౌంటర్ వెనక ఉన్నవాళ్లనే అడగండి. వాళ్లు రోజూ తినేది అదే కాబట్టి నిజంగా బాగున్నదే చెప్తారు. నాకు నచ్చినవాటిలో చాలావరకు ఇలా తెలిసినవే.

ఇద్దరు వెళ్తే ఒక శాండ్‌విచ్, ఒక సలాడ్ తీసుకుని రెండు ప్లేట్లలో సగం సగం పెట్టమనండి. ఇక్కడి శాండ్‌విచ్ ఒక్కరికి ఎక్కువ. ఒక్కరే వెళ్తే సగం శాండ్‌విచ్, కప్పు సూప్ కలిపి ఇచ్చే పద్ధతి ఉందేమో చూడండి.

డబ్బు లెక్క ముందే తెలిస్తే బిల్లు చూసి ఉలిక్కిపడరు. మెనూలో 15 డాలర్లు ఉంటే దానిమీద ఫిలడెల్ఫియాలో 8 శాతం సేల్స్ టాక్స్, అంటే 1.20. దాంట్లో 6 రాష్ట్రానిది, 2 నగరానిది. ఆపైన టిప్. డబ్బు కట్టే తెరమీద 18, 20, 25 శాతం అని కనబడతాయి. బల్ల దగ్గరికొచ్చి ఆర్డర్ తీసుకుని వడ్డించే చోట 18 నుంచి 20 శాతం ఇవ్వాలి, అది వాళ్ల జీతంలో భాగమే. పెన్సిల్వేనియాలో టిప్ వచ్చే ఉద్యోగులకి యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకి 2.83 డాలర్లే, మిగతాది టిప్పుల మీదే వస్తుంది. కౌంటర్‌లో చెప్పి మనమే తెచ్చుకునే చోట 10 నుంచి 15 శాతం బాగుంటుంది. పదార్థాల గురించి పది ప్రశ్నలు అడిగి, వేరే పాన్‌లో చేయించుకున్న రోజు నేను 20 శాతం ఇస్తాను, వాళ్లు పడ్డ శ్రమకి అది తగినదే. తెరమీద ఉన్న అంకెలే ఎంచుకోనక్కర్లేదు, "కస్టమ్" నొక్కి మీరనుకున్నది వేయొచ్చు.

తీపి డ్రింకులు ఇక్కడ ఖరీదు ఎందుకంటే, 2017 జనవరి నుంచి నగరం ఔన్సుకి ఒకటిన్నర సెంటు పన్ను వేస్తోంది. తియ్యటి సోడా, బాటిల్ ఐస్డ్ టీ అన్నీ దాని కిందికే వస్తాయి. మంచినీళ్లు ఉచితం, పక్కన జగ్గు, గ్లాసులు ఉంటాయి. ఐస్ వద్దనుకుంటే ముందే చెప్పాలి.

పెద్దవాళ్లని తీసుకెళ్తే

అమ్మానాన్నలు ఇండియానుంచి వచ్చినప్పుడు చాలామంది ఇండియన్ రెస్టారెంట్లకే తిప్పుతారు. ఒక్క మధ్యాహ్నం వాళ్లని ఇలాంటి చోటికి తీసుకెళ్లండి. నచ్చుతుంది. కాకపోతే చల్లటి శాండ్‌విచ్‌తో మొదలుపెట్టకండి. రొట్టె బాగా కాల్చి, లోపలిది వేడిగా ఉన్నది చూడండి. గట్టి పెచ్చున్న సవర్‌డో పళ్లు బలహీనంగా ఉన్నవాళ్లకి కష్టం. ఫోకాచా, మిల్క్ బ్రెడ్ మేలు. నాలుగు ముక్కలుగా కోయమనండి, పట్టుకోవడం సులువవుతుంది. ఫోర్కు, కత్తితో తిన్నా ఎవరూ చూడరు. ఎత్తైన స్టూళ్ల దగ్గర కాకుండా వెన్నుకి ఆనుకునే కుర్చీ ఉన్న బల్ల చూసి ముందే కూర్చోబెట్టి, తర్వాత మీరు వరసలోకి వెళ్లండి. కారం చాలదంటారు, లాంగ్ హాట్స్ పక్కన పెట్టించండి. హాట్ సాస్ సీసా ఎలాగూ బల్లమీద ఉంటుంది.

తినేటప్పుడు

వేడి శాండ్‌విచ్ వచ్చిన వెంటనే ఫొటో ఒకటి తీసుకుని తినేయాలి. పది నిమిషాలు ఆగితే రొట్టె కరకర పోతుంది, చీజ్ గట్టిపడుతుంది. నిండుగా కట్టినదైతే కాగితాన్ని పూర్తిగా విప్పకండి. కింది సగం కాగితంలోనే ఉంచి, పైనుంచి తింటూ కాగితం దించుకుంటూ పోతే లోపలివి జారవు. సలాడ్‌ని ఫోర్కుతో అడుగునుంచి పైకి తీస్తూ తినండి, గింజలూ చీజూ అడుగునే చేరతాయి.

లాప్‌టాప్ తెరుచుకోవాలంటే రెండు దాటాక వెళ్లండి. పన్నెండింటికి నాలుగు కుర్చీల బల్ల ఒక్కరే పట్టుకుని కూర్చుంటే, ప్లేట్లు చేత్తో పట్టుకుని చోటు కోసం చూసేవాళ్లు ఎదురుగానే నిలబడి ఉంటారు. ఆ కేఫ్ నిలబడేది ఆ గంట వ్యాపారం మీదే. తిన్నాక ప్లేట్లు పెట్టే తొట్టి తలుపు దగ్గర ఉందేమో చూసి, ఉంటే మీరే పెట్టేయండి. పక్కనే చెత్త, రీసైక్లింగ్, కంపోస్ట్ డబ్బాలు విడివిడిగా ఉంటాయి. ఏది ఎందులో అన్నది బొమ్మలు అంటించి ఉంటుంది.

మిగిలినది ఇంటికి తెచ్చుకునేటప్పుడు డ్రెస్సింగ్ కలిపిన సలాడ్‌ని తేవద్దు, సాయంత్రానికి పనికిరాదు. గింజలు ఎక్కువున్న ఫారో సలాడ్ మాత్రం మర్నాటికి ఇంకా బాగుంటుంది. శాండ్‌విచ్ సగం మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టేముందు టమాటా, ఆకులు తీసేసి వేరుగా ఉంచండి. తినేటప్పుడు మైక్రోవేవ్ వాడకుండా, మన ఇనుప పెనం మీద కొంచెం నూనె రాసి, సన్నటి మంట మీద మూత పెట్టి రెండు వైపులా కాల్చండి. రొట్టె మళ్లీ కరకరలాడాక, విడిగా ఉంచిన ఆకులూ టమాటా లోపల పెట్టుకుని తినండి.